ఎవరి జాబితాలోనూ లేనివాళ్లు

క్యాన్సర్‌ని ముందే పసిగట్టే పరిశోధన అనగానే ఈమధ్య అందరూ కంప్యూటర్ల వంకే చూస్తున్నారు. మా వృత్తివాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇక్కడ బహ్రైన్‌లో సాఫ్ట్‌వేర్ సదస్సుకి వెళితే చాలు, ఎవరో ఒకాయన తెరమీద రొమ్ము ఎక్స్‌రే ఒకటి వేసి, ఓ మూల ఎర్ర గడి గీసి, డాక్టరు కంటికి ఆననిది మా ప్రోగ్రాముకి ఆనింది చూడండి అంటాడు. అందరం చప్పట్లు కొడతాం. కొట్టాల్సిందే, నాకు దానిమీద వెటకారమేమీ లేదు. 2023లో స్వీడన్‌వాళ్లు 80 వేలమంది ఆడవాళ్లమీద జరిపిన ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. ఇద్దరు రేడియాలజిస్టులు విడివిడిగా చూసే పాత పద్ధతితో పోలిస్తే, ప్రోగ్రాము సాయం తీసుకున్న పద్ధతిలో దొరికిన క్యాన్సర్లు తగ్గలేదు సరికదా కాస్త ఎక్కువే దొరికాయి. ఎక్స్‌రేలు చదివే పని మాత్రం 44 శాతం తగ్గింది. రేడియాలజిస్టులకి కరువున్న దేశాలకి ఇది చిన్న విషయం కాదు.

అయితే నాలాంటి డేటాబేసుల మనిషికి అందులో వేరే సంగతి కళ్లబడుతుంది. ఆ 80 వేలమందీ అసలు ఆ యంత్రం ముందుకి ఎలా వచ్చారు? స్వీడన్‌లో 40 నుంచి 74 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లందరికీ వంతు ప్రకారం పిలుపు వెళుతుంది. ఆ పిలుపు వెనక ఒక జాబితా ఉంటుంది. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, కిందటిసారి ఎప్పుడొచ్చింది, ఏం తేలింది, మళ్లీ ఎప్పుడు పిలవాలి. అంతే. ఏ మూడో సంవత్సరం కుర్రాడైనా రాసెయ్యగల ప్రోగ్రాము. ఎర్ర గడి గీసే ప్రోగ్రాముకి సదస్సులు పెడతారు గానీ ఈ జాబితా నడిపే ప్రోగ్రాముకి ఎవరూ పెట్టరు. నా ఉద్దేశంలో ఎక్కువ ప్రాణాలు నిలబెట్టేది ఈ రెండోదే. గల్ఫ్‌లో బతుకుతున్న మనవాళ్లు మాత్రం ఏ దేశం జాబితాలోనూ లేరు. ఇవాళ ఇది రాయడానికి కారణం అదే.

పిలుపులూ జాబితాలూ స్వీడన్‌లాంటి కలిగిన దేశాల ముచ్చట, మనకెక్కడ కుదురుతాయి అంటారేమో. మన శ్రీకాకుళంలో కుదిరాయి, అదీ యాభై అరవై ఏళ్ల కిందట.

ఉత్తరాంధ్ర తీరం ఊళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉండేది. అడ్డపొగ అనేవాళ్లు. సముద్రపు గాలికి ఆరిపోకుండా ఉంటుందని, నుసి బట్టలమీదా చంటిపిల్లలమీదా పడదని కారణాలు చెప్పేవాళ్లు. ఆ సెగ, ఆ పొగ తిన్నగా అంగిలికి తగిలేవి. అంగిలి గట్టిభాగంలో క్యాన్సర్ ప్రపంచంలో మిగతాచోట్ల చాలా అరుదు. అక్కడ మాత్రం తరచూ కనిపించేది.

1960ల్లో బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్‌లో దంతవైద్య పరిశోధనకని ఒక చిన్న విభాగం ఉండేది. హోమీ భాభా పెట్టిన సంస్థ అది. భౌతికశాస్త్రం, గణితం చేసేచోటు, మన దేశపు తొలి కంప్యూటర్లలో ఒకటి తయారైనచోటు. అక్కడ పళ్ల డాక్టర్లకేం పని అనిపిస్తుంది కదా. ఫాలీ మెహతా అనే దంతవైద్యుడు, కోపెన్‌హాగన్‌కి చెందిన యెన్స్ పింద్‌బోర్గ్ అనే నోటివ్యాధుల నిపుణుడు, లెక్కలు చూడటానికి ప్రకాశ్ గుప్తా, ఇంకా కొందరు కలిసి దేశంలో ఐదు జిల్లాల్లో ఇంటింటికీ తిరిగారు. 50,915 మంది పల్లెజనం నోళ్లు చూసి, 1969లో ఫలితాలు ప్రచురించారు. ఆ ఐదింటిలో శ్రీకాకుళం ఒకటి. 1971లో అడ్డపొగ మీద విడిగా ఇంకో వ్యాసం వేశారు. అందులో చూసినవాళ్లు 10,169 మంది. వాళ్లలో పదిమందికి నలుగురు పైచిలుకు అడ్డపొగ తాగేవాళ్లే.

జబ్బు ఎంతుందో లెక్కతేల్చి వదిలేస్తే అది సగం పరిశోధన. వీళ్లు ఆ తర్వాత శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో పొగాకు అలవాటున్న 36,471 మందిని జాబితా రాసుకుని, ఏడాదికోసారి మళ్లీ అదే గడపకి వెళ్లి నోరు చూశారు. పొగాకు మానమని మనిషి మనిషికీ చెప్పారు. పోస్టర్లు, సినిమాలు, రేడియో అన్నీ వాడారు. ఐదేళ్ల ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. అంతకుముందు ఇంత ప్రచారం లేకుండా గమనించినవాళ్లతో పోల్చిచూస్తే, శ్రీకాకుళంలోనూ ఎర్నాకుళంలోనూ అలవాటు మానినవాళ్లు పెరిగారు, క్యాన్సర్‌కి ముందు నోట్లో వచ్చే మచ్చలు కొత్తగా పుట్టడం తగ్గింది.

ఇందులో ఏ ఒక్క శాస్త్రానిదీ పెత్తనం కాదని గమనించండి. మచ్చని గుర్తుపట్టడం దంతవైద్యుడికి తెలుసు. ముక్క తీసి పంపితే అందులో ఏముందో చెప్పడం పాథాలజిస్టుకి తెలుసు. చూసినవాళ్లెందరు, చూడకుండా తప్పిపోయినవాళ్లెందరు అని అడగడం గణాంకాలాయనకి తెలుసు. ఎప్పట్నించో ఉన్న అలవాటుని తప్పుపట్టకుండా ఒక ముసలమ్మతో ఎలా మాట్లాడాలో తెలిసినవాళ్లు ఇంకొకరు కావాలి. ఈమధ్య 'బహుళశాస్త్ర పరిశోధన' అని పెద్దపేరు పెట్టుకుని నిధులు అడుగుతున్నది దీనికోసమే. వీళ్లందరినీ కలిపి కట్టిన దారం ఆ పేర్ల జాబితా, దాన్ని పట్టుకుని మళ్లీ మళ్లీ తలుపు తట్టిన కాళ్లు.

ఇంకొక్క ఉదాహరణ చెప్పి బహ్రైన్‌కి వచ్చేస్తాను. మహారాష్ట్రలో ఉస్మానాబాద్ జిల్లా ఉంది, ఇప్పుడు ధారాశివ్ అంటున్నారు. అక్కడి పల్లెల్లో 30 నుంచి 59 ఏళ్ల మధ్యవాళ్లు 1,31,746 మంది ఆడవాళ్లమీద గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి జరిపిన అధ్యయనం 2009లో వెలువడింది. హెచ్‌పీవీ వైరస్ ఉందేమో అని జీవితంలో ఒక్కసారి పరీక్షచేసి, ఉన్నవాళ్లకి వైద్యం చేస్తే, ఎనిమిదేళ్లలో ఆ జబ్బుతో పోయినవాళ్లు పరీక్ష చెయ్యని ఊళ్లతో పోలిస్తే సుమారు సగమే. ఒక్క పరీక్షతో సగం చావులు ఆగాయి. ఇక్కడా అదే సూత్రం. పేర్లు రాసుకున్నారు, పిలిచారు, వైరస్ ఉందని తేలినవాళ్లని మళ్లీ వెతికి పట్టుకున్నారు.

సరే, ఇప్పుడు మనం ఉన్నచోటుకి వద్దాం.

2020 జనగణన ప్రకారం బహ్రైన్ జనాభా సుమారు 15 లక్షలు. అందులో సగానికి పైగా బయటిదేశాలవాళ్లం. చిన్న దేశమైనా వైద్యానికి లోటులేదు. సల్మానియాలో పెద్ద ప్రభుత్వాసుపత్రి ఉంది, ముహర్రఖ్‌లో కింగ్ హమద్ యూనివర్సిటీ ఆసుపత్రి దగ్గర క్యాన్సర్‌కని ప్రత్యేక కేంద్రం ఉంది. గల్ఫ్ దేశాలన్నీ కలిసి 1998 నుంచి రియాద్‌లో ఒక ఉమ్మడి క్యాన్సర్ రిజిస్ట్రీ నడిపాయి. దానివల్లే ఈ ప్రాంతంలో ఆడవాళ్లకి రొమ్ము క్యాన్సర్ పాశ్చాత్య దేశాలకంటే చిన్న వయసులో వస్తోందని, వాళ్ల లెక్కలు తెచ్చి ఇక్కడ అతికిస్తే కుదరదని స్పష్టమైంది. మంచి పని. కానీ ఆ రిజిస్ట్రీ నివేదికలు గల్ఫ్ దేశాల పౌరుల గురించి. మనం ఆ లెక్కలో లేము.

పోనీ మన రాష్ట్రాల లెక్కలో ఉన్నామా? భారత వైద్య పరిశోధన మండలి 1982 నుంచి క్యాన్సర్ రిజిస్ట్రీల కార్యక్రమం నడుపుతోంది. 2020లో వచ్చిన వాళ్ల నివేదికలో జనాభా లెక్కన నమోదు చేసే రిజిస్ట్రీలు 28. తెలంగాణ నుంచి అందులో ఉన్నది హైదరాబాదు జిల్లా ఒక్కటే. గల్ఫ్‌కి ఎక్కువమందిని పంపే జగిత్యాల, నిజామాబాదు, కరీంనగర్ అందులో లేవు. పదిహేనేళ్లు ఇక్కడ వెల్డింగ్ చేసి ఊరికి పోయినాయనకి అరవయ్యో ఏట ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిందనుకోండి. వెల్డింగ్ పొగ క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో తేల్చింది, ఇసుక, రాతిపనిలో లేచే సిలికా దుమ్ము సంగతి 1997లోనే తేల్చింది. అయినా ఆయన జబ్బు బహ్రైన్ లెక్కలోకి రాదు. ఊళ్లో లెక్కలోకి వచ్చినా, ఏ దేశంలో ఏం పని చేశావయ్యా అని అడిగే గడి ఆ కాగితంలో ఉంటుందని నమ్మకం లేదు. కాబట్టి ఆ పనికీ ఆ జబ్బుకీ ఉన్న లంకె ఎవరికీ కనబడదు. లంకె కనబడనిదే నివారణ ఎక్కణ్ణుంచి వస్తుంది?

తమాషా ఏమిటంటే, ఇక్కడికి వచ్చే ప్రతి కూలీ ఒంటినీ నఖశిఖపర్యంతం ఒకసారి చూస్తారు. గల్ఫ్ మెడికల్ గురించి తెలియని ఊరు మనవైపు ఉండదు. అప్పట్లో గామ్‌కా అనేవాళ్లు, ఇప్పుడు వాఫిద్ అంటున్నారు. క్షయకోసం ఛాతీ ఎక్స్‌రే, హెచ్‌ఐవీ, కామెర్ల వైరస్‌లు, ఇంకొన్ని. ప్రధానంగా చూసేది ఒకరినుంచి ఒకరికి అంటుకునే జబ్బుల్ని, పనికి పనికొస్తాడా లేదా అనే సంగతిని. ఏ దేశమైనా అది చూసుకుంటుంది, తప్పనను. కానీ ఆ రోజు ఆ మనిషి నోరు తెరిపించి, టార్చిలైటు వేసి రెండు నిమిషాలు చూసే పని అందులో లేదు. ముప్ఫై దాటి ఇళ్లపనికి వచ్చే గోదావరి జిల్లాల, కడప జిల్లా ఆడవాళ్లకి జీవితంలో ఒక్కసారి చెయ్యాల్సిన ఆ హెచ్‌పీవీ పరీక్షా లేదు. పరీక్ష మన ఒంటికే గానీ మన కోసం కాదు.

మనామాలో నాకు పరిచయమున్న ఒక పెద్దాయన ఉన్నాడు. జగిత్యాలవైపు మనిషి, ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఫాబ్రికేషన్ పని. ఊర్నించి ఎవరొచ్చినా సంచిలో తంబాకు తెప్పించుకుంటాడు. ఒక శుక్రవారం టీ తాగుతుంటే ఆయన గుటక మింగడానికి ఇబ్బంది పడటం చూసి ఏమైందన్నా అని అడిగాను.

"ఏం లేదు సార్, నోట్లె జర పుండైంది. రెండు నెలలాయె. మందు పెడుతున్న, తక్కువైతది."

రెండు నెలలంటే చిన్న సంగతి కాదు, ఆసుపత్రికి పోదాం పద అన్నాను. ఆయన చెప్పిన జవాబు నాకింకా వినబడుతూనే ఉంది.

"దవఖానకు పోతే ఏం రాస్తరో సార్. అన్‌ఫిట్ అని రాస్తే ఇంటికి పంపుతరు. బిడ్డ పెండ్లి అప్పు ఇంక తీరలే. సెలవుల ఊరికి పోయినప్పుడు చూపించుకుంట."

ఆ సెలవు రావడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది. హైదరాబాదులో ముక్క తీసి చూసి క్యాన్సర్ అన్నారు. దవడ కొంత తీసేశారు. మనిషి ఉన్నాడు, అంతవరకు అదృష్టం. మళ్లీ గల్ఫ్ రాలేదు.

ఆయనకి తెలివి లేకపోలేదు, భయం ఉంది. అక్కరకొచ్చే భయమే. మెడికల్ అంటే ఉద్యోగం ఊడగొట్టేది అని అనుభవం నేర్పినవాడికి, ఇంకో మెడికల్ నీ మేలుకోసం అంటే ఎందుకు నమ్మాలి? అందుకే జాబితా ఒక్కటే ఉంటే చాలదు, ఆ జాబితా ఎవరి చేతిలో ఉందన్నది కూడా ముఖ్యం అంటాను. దీనికీ మన దగ్గరే ఉదాహరణ ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేలమంది ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా వేసిన ప్రదర్శన కార్యక్రమం గుర్తుండే ఉంటుంది. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలొచ్చి, 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ చావులకి టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చింది. కానీ తల్లిదండ్రులు పెట్టాల్సిన అనుమతి సంతకాలు కొన్నిచోట్ల హాస్టల్ వార్డెన్లు పెట్టేశారని బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా ఎండగట్టింది. టీకా మంచిదే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ఆపే ఆయుధాల్లో అంతకు మించింది లేదు. అయినా పేదపిల్లల్ని అడగకుండా చేసిన మంచి చివరికి ఆ టీకామీదే ఏళ్ల తరబడి అనుమానం మిగిల్చింది.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే కనబడ్డ పరీక్షలన్నీ చేయించుకోమంటున్నానని అనుకుంటారు. మాలాంటి ఆఫీసు ఉద్యోగులకి జాబితా గొడవ లేదు, డబ్బులున్నాయి కాబట్టి సెలవులో వెళ్లినప్పుడు మాస్టర్ హెల్త్ చెకప్ అని నలభై పరీక్షలు చేయించుకుంటాం. అది వేరే చివర. దక్షిణ కొరియాలో జాతీయ క్యాన్సర్ పరీక్షలతోపాటు కొసరుగా థైరాయిడ్ స్కాన్ చెయ్యడం మొదలైంది. 2011కల్లా థైరాయిడ్ క్యాన్సర్లు 1993 నాటికంటే పదిహేను రెట్లు బయటపడ్డాయి. దానితో చచ్చిపోయేవాళ్ల సంఖ్య మాత్రం మారలేదు. అంటే ఎప్పటికీ హాని చెయ్యని గడ్డల్ని వెతికి, వేలమందికి గొంతు కోసి, జీవితాంతం మాత్రలు రాశారన్నమాట. ముందే కనిపెట్టడం అన్నివేళలా మేలు కాదు. ఏ పరీక్ష, ఏ వయసువాళ్లకి, ఎన్నేళ్లకోసారి చేస్తే చావులు తగ్గుతాయో లెక్కకట్టి చూపించాలి. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం విషయంలో ఆ లెక్కలున్నాయి. ప్యాకేజీల్లో వేసే సగం పరీక్షలకి లేవు. అవసరం లేనివాడికి నలభై పరీక్షలు, అవసరమున్నవాడికి ఒక్కటీ లేదు. దీన్ని సరిదిద్దేది ఆసుపత్రి మార్కెటింగు విభాగం కాదు కదా.

మరైతే ఏం చెయ్యాలంటావు అని అడుగుతారు. నా చేతనైనంతలో చెబుతాను.

బహ్రైన్‌లో జాబితా కొత్తగా తయారుచేసే పనే లేదు. పౌరుడికీ కూలీకీ అందరికీ సీపీఆర్ కార్డు ఉంది. ఆ నంబర్లో మొదటి రెండంకెలు పుట్టిన సంవత్సరం, తర్వాతి రెండు పుట్టిన నెల. ఎవరికి ఏ వయసొచ్చిందో కనుక్కోవడానికి వేరే ఏమీ వెతకక్కర్లేదు, ఆ నంబరే చెబుతుంది. ఫోన్లు అందరికీ ఉన్నాయి. దేశంతో నిమిత్తం లేకుండా, వయసొచ్చిన ప్రతి మనిషికీ తెలుగు, మలయాళం, హిందీ, బెంగాలీల్లో ఒక సందేశం పంపడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు. బయటివాళ్ల కోసం ఈ దేశం ఎందుకు ఖర్చుపెట్టాలి అనే ప్రశ్న న్యాయమైనదే. ముదిరిన క్యాన్సర్‌తో ఎమర్జెన్సీకి వచ్చినవాణ్ణి చూసే ఖర్చు మాత్రం తప్పుతుందా? టార్చిలైటు అంతకంటే చవక.

మన ప్రభుత్వాల వైపు, గల్ఫ్ మెడికల్‌కి వచ్చిన రోజునే నోటి పరీక్ష, ముప్ఫై దాటిన ఆడవాళ్లకి హెచ్‌పీవీ పరీక్ష చేర్చవచ్చు. ఆ నమూనా ఆడవాళ్లు తమంతట తామే తీసుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒప్పుకుంది కాబట్టి సిగ్గుపడాల్సిన ఇబ్బందీ తక్కువే. షరతు ఒక్కటే. ఆ ఫలితం ఆ మనిషికే తెలియాలి. ఫిట్, అన్‌ఫిట్ రాసే కాగితంతో దానికి ఏ సంబంధమూ ఉండకూడదు, అసలు రెండూ ఒక కంప్యూటర్లో ఉండకూడదు. ఇది నేను వృత్తిరీత్యా చెబుతున్న మాట. ఒకచోట పెట్టిన సమాచారం ఎప్పుడో ఒకప్పుడు కలుస్తుంది. ఇక ఆసుపత్రి కాగితాల్లో రెండు గడులు పెంచాలి, ఏ దేశంలో పనిచేశారు, ఏం పని అని. పదేళ్లకి ఆ రెండు గడులు చెప్పే సంగతులు ఎన్నో ఉంటాయి.

ప్రభుత్వాలు కదిలేలోపల మనం కూర్చోనక్కర్లేదు. ఉగాదికీ సంక్రాంతికీ హాలు అద్దెకి తీసుకోగల తెలుగువాళ్లకి, ఏడాదికోసారి ఒక శుక్రవారం లేబర్ క్యాంపులో నోటి పరీక్షల శిబిరం పెట్టడం కష్టమేమీ కాదు. ఇక్కడ భారతీయ దంతవైద్యులు చాలామందే ఉన్నారు. కాకపోతే శిబిరం పెట్టి, ఫోటో దిగి, వచ్చేస్తే లాభం లేదు. మచ్చ కనబడ్డవాడి పేరు, ఫోను, ఊరి ఫోను రాసుకుని, నెలకి మళ్లీ అడగాలి. సెలవుకి పోతుంటే అక్కడ ఏ ఆసుపత్రికి వెళ్లాలో చెప్పాలి. వెళ్లాడా లేదా అని మళ్లీ అడగాలి. శిబిరం కన్నా ఆ అడగడమే అసలు వైద్యం.

ఎవరైనా డాక్టర్లు, దంతవైద్యులు ముందుకొస్తే ఆ జాబితా నడిపే ప్రోగ్రాము నేను రాసిస్తాను, జీతం అక్కర్లేదు. అది జరిగేవరకు మీకు తెలిసినవాళ్లలో ఎవరికైనా నోట్లో పుండు రెండు వారాలు దాటినా మానకపోతే, తెల్లమచ్చో ఎర్రమచ్చో పోకపోతే, సెలవుదాకా ఆగనివ్వకండి. వాళ్లని పిలిచేవాళ్లు ప్రస్తుతానికి మీరొక్కరే.